ఆకుపచ్చ చొక్కాలు ఎవరి కోసం అరిచాయి?

ఎల్మ్ రివర్, ఒంటారియో
సెప్టెంబర్ 18, 2022

బావగారికి నమస్కారాలు.

మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటుంటే తన బీపీ పెరుగుతోందనీ, ఇకమీదట పోట్లాడుకోదలిస్తే ఉత్తరాల్లో పోట్లాడుకోమనీ అక్క ఆజ్ఞ వేసింది కాబట్టి ఈ కాగితం. మీ కొత్త మోకాలు ఎలా ఉంది? పాతదానిలాగే మొండికేస్తోందా, కాస్త మాట వింటోందా?

ఇక్కడ నాకొక పదవి వచ్చింది. మా యూనివర్సిటీ ప్రెసిడెంట్ పిలిచి, "ప్రొఫెసర్, మీరు స్టాటిస్టిక్స్ చెప్తారు, అంకెలు మీకు అలవాటే" అని నన్ను ఆటల బోర్డులో వేశాడు. బంతి నా వైపు వస్తే తల వంచుకునే మనిషినని మీకు తెలుసు, ఆయనకు తెలియదు.

మా యూనివర్సిటీకి పెద్ద కాన్ఫరెన్స్‌లో, అంటే పై స్థాయి యూనివర్సిటీల ఆటల లీగ్‌లో, చేరాలని కోరిక పుట్టింది. రంజీ క్రికెట్లో ఎలైట్ గ్రూపూ ప్లేట్ గ్రూపూ ఉన్నట్టే ఇక్కడ యూనివర్సిటీల ఆటలకూ పై మెట్టు, కింది మెట్టు ఉన్నాయి. మేము కింది మెట్టు మీద ఏళ్ళ తరబడి కూర్చున్నాం. పైకి వెళ్ళాలంటే అక్కడున్న యూనివర్సిటీలు ఓటు వేయాలి. వాళ్ళేమో, "ఎల్మ్ రివర్ చాలా దూరం, పైగా వాళ్ళ హాల్లో ఆట చూసే నాథుడే ఉండడు" అంటున్నారు. అది నిజమే.

ప్రెసిడెంట్ తొందరకు ఇంకో కారణం ఉంది. రెండేళ్ళుగా మన పిల్లలు వందల్లో వచ్చి పడుతున్నారు. క్లాసులో అటెండెన్స్ పిలుస్తుంటే గుంటూరులో ఇంటర్మీడియట్ కాలేజీలో ఉన్నట్టుంది. ఇక్కడి ఊరి పత్రిక మొన్న, "ఇది యూనివర్సిటీయా, వీసా కౌంటరా?" అని రాసింది. పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరితే ఆ నోరు మూతపడుతుందని ఆయన ఆశ.

ఈసారి చేరలేకపోతే ఖర్చు దండగని అమ్మాయిల వాలీబాల్ టీమ్‌ను మూసేస్తారు. ఆ టీమ్ కెప్టెన్ నా క్లాసులోనే ఉంది. "మీరు ఆపగలరా ప్రొఫెసర్?" అని అడిగింది. ఆపుతానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ అర్థం కావడం లేదు. మీరు ఒకప్పుడు యూనివర్సిటీ టీమ్‌లో ఆడినవారు కదా, ఒక ఉపాయం చెప్పండి.

మీ బావమరిది,
మధుసూదన్

*

విన్నిపెగ్
అక్టోబర్ 2, 2022

ఒరేయ్ మధుసూదనా,

ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతానందట. మీ యూనివర్సిటీ సంగతి వింటే అదే గుర్తొచ్చింది. దానికి నిచ్చెన పట్టుకోవడానికి నువ్వు! చిన్నప్పుడు కబడ్డీలో నిన్ను ఏ జట్టూ తీసుకోకపోతే మీ అక్క వచ్చి పోట్లాడి నిన్ను ఆటలో అరటిపండుగా చేర్పించేది. ఇప్పుడు ఏకంగా బోర్డు మెంబరువి. కలికాలం.

నా మోకాలు కుంటుతోంది గానీ బాగానే ఉంది. విమానాలూ ప్రయాణాలూ వద్దన్నాడు డాక్టరు. ఇంట్లోనే వాకర్ పట్టుకుని హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ తీర్థయాత్రలు చేస్తున్నాను.

మన సుధామయి ఆడుతున్న టీమ్ ఆ పెద్ద కాన్ఫరెన్స్‌లోదే. ఆడుతున్నదని నేనంటున్నాను గానీ మూడేళ్ళుగా ఆ పిల్ల బెంచీ మీదే కూర్చుంటోంది. నా మనవరాలని చెప్పడం కాదు, దాని సర్వీసు చూడాలిరా! నా చేతివాటమే వచ్చింది. సెట్టు చివర్లో ఎప్పుడైనా ఒక సర్వీసు కోసం దింపి, అయిపోగానే మళ్ళీ కూర్చోబెడతారు. దాన్ని చూడటానికి వెళ్ళమంటే మా అర్జున్‌కు హాస్పిటల్లో డ్యూటీ. కోడలికీ డ్యూటీ.

నీ సమస్య చిన్నది. హాలు ఖాళీగా ఉందంటావు, ఊరినిండా మన పిల్లలున్నారంటావు. ఇంట్లో పెరుగు పెట్టుకుని మజ్జిగకు పక్కింటికి వెళ్ళినట్టుంది నీ వ్యవహారం. వాళ్ళను తీసుకెళ్ళి కూర్చోబెట్టు.

బావ,
రామ్మోహన్

*

ఎల్మ్ రివర్
అక్టోబర్ 30, 2022

బావగారికి,

మీ సలహా పాటించి చెడ్డాను. పోస్టర్ వేశాను, క్లాసులో ప్రకటించాను. మ్యాచ్‌కు మన పిల్లల్లో వచ్చింది ఒక్కడు. వాడు కూడా హాల్లో వైఫై బాగుంటుందని వచ్చాడట.

వీళ్ళకు నాయకుడి లాంటివాడు రేవంత్ అని కరీంనగర్ కుర్రాడు ఉన్నాడు. వాణ్ణి పట్టుకుని అడిగితే, "సార్, వాలీబాల్ జూస్తే పీఆర్ పాయింట్లు వస్తయా?" అన్నాడు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండే అనుమతికి లెక్కపెట్టే పాయింట్లవి. వాడి పక్కన భీమవరం అమ్మాయి స్వీటీ. "వద్దామనే ఉంటదండి సార్. శనివారం పొద్దున్న వేర్‌హౌస్, సాయంత్రం కాఫీ షాపు. మద్దెలో నిద్రెప్పుడు పోవాలండి?" అంది. బేస్‌మెంట్లో ఎనిమిదిమంది ఉంటూ వంతులవారీగా నిద్రపోయే పిల్లల్ని, వచ్చి చప్పట్లు కొట్టమని అడగడం నాకే సిగ్గనిపించింది.

అయినా ఒక సంగతి గమనించాను. వీళ్ళు ఈ ఊరికొచ్చి ఏడాదయినా షిఫ్టు, క్లాసు, బేస్‌మెంటు తప్ప ఇంకో చోటు ఎరగరు. ఊరివాళ్ళూ వీళ్ళను కౌంటర్ల వెనక తప్ప ఎక్కడా చూడలేదు.

మధుసూదన్

*

విన్నిపెగ్
నవంబర్ 13, 2022

మధుసూదనా,

స్టాటిస్టిక్స్ చెప్పీ చెప్పీ నీకు మనుషులు అర్థం కావడం మానేశారు. మన పిల్లల్ని ఆటకు రమ్మంటే ఎవరొస్తారురా? భోజనానికి రమ్మను. మీ ఆవిడ పద్మినిని పులిహోర కలపమను. ఆకలి తీరినవాడు ఊరికే కూర్చోలేడు, ఏదో ఒకదానికి ఈల వేస్తాడు. మా యూనివర్సిటీలో సెమీఫైనల్‌కు జనాన్ని తెచ్చింది మా స్మాష్‌లు కాదు, మెస్ కాంట్రాక్టరు వేయించిన మిరపకాయ బజ్జీలు.

ఇంకో మాట. స్నేహపూర్వకంగా ఒక మ్యాచ్ పెట్టి, పెద్ద కాన్ఫరెన్స్ కమిటీని అదే రోజు చూడటానికి పిలు. ఎదుటి టీమ్ దొరకదేమోనన్న బెంగ వద్దు. సుధ వాళ్ళ టీమ్‌ను పిలు. వాళ్ళ కోచ్‌ను సుధ చేత నేను అడిగిస్తాను.

ఆ రేవంత్ అనే కుర్రాడి ఫోన్ నంబర్ పంపు. హాల్లో ఎలా అరవాలో నీకేం తెలుసు? నేను నేర్పిస్తాను.

రామ్మోహన్

*

ఎల్మ్ రివర్
డిసెంబర్ 11, 2022

బావగారికి,

మీరు ఇంత సహాయం చేస్తారని కలలో కూడా అనుకోలేదు. మన యాభై ఏళ్ళ చుట్టరికంలో మీరు నాకు సూటిగా మేలు చేయడం ఇదే మొదటిసారి. రేవంత్ నంబర్ వెనక రాశాను.

పులిహోర పనిచేసింది! పోయిన మ్యాచ్‌కు సగం హాలు నిండింది. షిఫ్టులున్నవాళ్ళు కూడా తమలో తాము మార్చుకుని వచ్చారట. తిన్నాక కూర్చున్నారు, కూర్చున్నాక చూశారు, చూశాక రిఫరీ మీద కోపం తెచ్చుకున్నారు. రేవంత్ వాళ్ళు ప్లాస్టిక్ బకెట్లు బోర్లించి తీన్‌మార్ కొట్టారు. మా కెప్టెన్ ఆట మధ్యలో గ్యాలరీ వైపు తిరిగి నోరు తెరిచి చూసింది. పోయిన ఏడాది ఆ గ్యాలరీలో వాళ్ళ అమ్మానాన్నలు మాత్రమే ఉండేవారట.

సుధ వాళ్ళ టీమ్ ఫిబ్రవరి నాలుగున వస్తుంది. కమిటీ కూడా ఆ రోజే. యూనివర్సిటీ రంగు ఆకుపచ్చ కాబట్టి పిల్లలందరికీ ఆకుపచ్చ టీ షర్టులు కుట్టిస్తున్నాం. ఆ రోజు హాలంతా పచ్చగా, ఒకే గొంతుతో ఎల్మ్ రివర్, ఎల్మ్ రివర్ అని మోగితే మాకు తిరుగుండదు.

మధుసూదన్

*

విన్నిపెగ్
జనవరి 15, 2023

చిరంజీవి మధుసూదన్‌ను ఆశీర్వదించి వ్రాయునది.

చాలా సంతోషం. నువ్వు తప్పక విజయం సాధిస్తావు. మ్యాచ్ ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారట కదా, ఆ లింకు పంపు. పద్మినికి ఆశీస్సులు.

రామ్మోహన్

తమ్ముడూ, ఉత్తరం పోస్టు చేయమని నాకిచ్చారు కాబట్టి కింద నేనూ రెండు ముక్కలు గీకుతున్నాను. మీ బావ ఎప్పుడైనా నిన్ను ఆశీర్వదించారా? నాకెందుకో అనుమానంగా ఉంది. ఈ మధ్య గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. నేను కాఫీ పట్టుకెళ్తే, "సరే బాబూ, నే చెప్పింది గుర్తుందిగా" అని పెట్టేస్తున్నారు. జాగ్రత్త.
అక్క, కనకదుర్గ

*

ఎల్మ్ రివర్
ఫిబ్రవరి 5, 2023

బావగారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

మొదట అంతా బాగానే ఉంది. హాలు నిండింది, గోడల వెంట కూడా నిలబడ్డారు. ఎటు చూసినా ఆకుపచ్చే. కమిటీ నుంచి ఒక పెద్దాయన, ఒకావిడ వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. బకెట్లు మోగుతుంటే ఆవిడ కాలు కూడా కదిలింది, నేను చూశాను. మా ప్రెసిడెంట్ నా భుజం తట్టాడు. ఎప్పుడూ హాకీ తప్ప చూడని ఊరివాళ్ళు, ఈ గోలేమిటా అని కొందరు లోపలికి వచ్చారు. ఊరి పత్రిక విలేఖరి కూడా వచ్చాడు.

మొదటి సెట్టు చివర్లో ఎదుటి కోచ్ సర్వీసు కోసం మన సుధను దింపింది. నీలం చొక్కా, వీపు మీద వేమూరి అని మీ ఇంటిపేరు. అంతే. రేవంత్ బకెట్ మీద ఎక్కి, "సుధా!" అని పొలికేక పెట్టాడు. హాలంతా లేచింది. "సుధా! సుధా!" తప్ప ఇంకో మాట లేదు. ఒంటి మీద మా చొక్కా, నోట్లో వాళ్ళ పిల్ల పేరు! పాపం సుధ బెదిరిపోయి బంతిని నెట్‌కు కొట్టింది. పాయింట్ మాకొచ్చింది. అయినా మావాళ్ళు సుధకే చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత వాళ్ళ కోచ్‌కు ఏమనిపించిందో, ప్రతి సెట్టులోనూ సుధను దింపింది. దింపినప్పుడల్లా పెద్ద హీరో సినిమాకు మొదటి ఆట పడ్డట్టే. ఒకసారి సంచుల్లోంచి కాగితం ముక్కలు తీసి ఎగరేశారు. కోర్టంతా కాగితాలే. రిఫరీ ఆట ఆపి చీపురు తెప్పించాడు. ఊడ్చింది కూడా మావాళ్ళే, అదొక్కటే నా పరువు. సుధ బెంచీ మీదికి వెళ్ళగానే మళ్ళీ ఎల్మ్ రివర్ అని అరుస్తారు. కమిటీ పెద్దాయన నా వైపు వంగి, "ప్రొఫెసర్, వీళ్ళు ఎవరి తరఫు?" అని మర్యాదగా అడిగాడు. నేను స్కోరు బోర్డు చూపించాను.

చివరి సెట్టు. రెండు జట్లూ హోరాహోరీ. ఆఖరి పాయింటుకు సర్వీసు సుధది. ఈసారి బెదరలేదు. బంతి మా అమ్మాయిల మధ్య నుంచి దూసుకెళ్ళి గీత మీద పడింది. మేము ఓడిపోయాం. ఓడినందుకు నా ఆకుపచ్చ సైన్యం కుర్చీలెక్కి నాట్యం చేసింది.

తర్వాత రేవంత్‌ను నిలదీశాను. "మనోళ్ళ పిల్ల సార్! ఆ పిల్ల ఆడుతుంటే సప్పుడు జెయ్యకుండ ఎట్లుంటం?" అన్నాడు. స్వీటీ అందుకుని, "ఎదుటి టీమైతే మాత్రం మనమ్మాయి కాకుండా పోద్దా అండి సార్?" అంది. పద్మిని ఇదేమీ పట్టనట్టు రెండు టీముల్నీ ఒకే వరుసలో కూర్చోబెట్టి పులిహోర వడ్డించింది. వాళ్ళ కోచ్ రెండుసార్లు వేయించుకుంది.

ప్రెసిడెంట్ పులిహోర ముట్టకుండా వెళ్ళిపోయాడు. మా కెప్టెన్ ముఖం నేను చూడలేకపోయాను. ఆపుతానని ఆ పిల్లకు మాటిచ్చాను, బావా.

మధుసూదన్

*

విన్నిపెగ్
ఫిబ్రవరి 14, 2023

మధుసూదనా,

జరిగింది తెలిసి ఎంతో విచారించాను. యువతరం మనసు ఎవరికి తెలుసు? ఆ రేవంత్‌ను నేనెరగను కూడా. ధైర్యంగా ఉండు.

రామ్మోహన్

తమ్ముడూ, ఎరగరట! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ నేను పట్టాను. నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు ఫోన్ మోగితే తీశాను. "తాతా, ఎట్లుండె మా సప్పుడు? మీరు జెప్పినట్టే పిల్ల లేవంగనే లేసినం" అన్నాడొక కుర్రాడు. పేరు అడిగితే రేవంత్ అన్నాడు. మిగతాది ఆయన్నే అడుగు.
అక్క

*

ఎల్మ్ రివర్
ఫిబ్రవరి 20, 2023

రామ్మోహన్ గారికి,

అక్క రాసింది చదివాను. నేను మాటిచ్చిన పిల్లలు వీధిన పడితే మీకు వినోదమా? ఎందుకు చేశారు? ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయండి. హాస్యం వద్దు.

మధుసూదన్

*

విన్నిపెగ్
మార్చి 1, 2023

మధుసూదనా,

నీ కోపం న్యాయమైనది. హాస్యం లేకుండా ఉత్తరం రాయడం నాకు చేతకాదు గానీ ప్రయత్నిస్తాను.

అక్టోబర్ నెలాఖరున సుధ నానమ్మకు ఫోన్ చేసింది. స్పీకర్లో నేనూ విన్నాను. "వాట్స్ ద పాయింట్, నానమ్మా? నేను టీమ్‌లో ఉన్నానని కూడా ఎవరికీ తెలియదు. ఐ యామ్ క్విటింగ్" అంది. సంక్రాంతికి పరమాన్నం వండుకున్నావా అని అడిగే నానమ్మ ఏం చెప్తుంది? నాకు చెప్పాలని ఉంది. నేను ఆడిన రోజుల్లో హాలంతా నా పేరు అరుస్తుంటే ఒంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. అది ఒక్కసారి వింటే చాలు, బతికినంత కాలం పనికొస్తుంది. ఆ పిల్ల మూడేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

నేను వెళ్ళి అరవాలనుకున్నాను. ఈ మోకాలితో గడప దాటలేను. సరిగ్గా అప్పుడే నువ్వు, ఊరినిండా గొంతులున్నాయి, అరవడానికి ఏమీ లేదని రాశావు. నీ హాలును దొంగిలించాను. రేవంత్‌కు చెప్పింది ఇంతే: "బాబూ, బెంచీ మీద మన పిల్ల ఒకతి ఉంటుంది. లేచినప్పుడు కాస్త గట్టిగా అరవండి." కాస్త అన్నాను. ఆ బకెట్లూ కాగితాలూ వాళ్ళ సొంత ప్రతిభ. సార్‌కు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాను.

ఆట చూస్తూ వాకర్ వదిలేసి లేచి నిలబడ్డాను. ఏడ్చాను కూడా. అది మీ అక్క ఎలాగూ రాస్తుంది కాబట్టి నేనే రాస్తున్నాను. నీకు నష్టం చేశానురా, క్షమించు. కానీ నిజం చెప్పమంటే, మళ్ళీ అవకాశం వస్తే మళ్ళీ చేస్తాను.

బావ

పై మాటలన్నీ నిజమే తమ్ముడూ. సుధ మానేయడం మానేసింది. ఇక వీరిని వదిలెయ్.
అక్క

*

ఎల్మ్ రివర్
ఏప్రిల్ 16, 2023

బావగారికి నమస్కారాలు.

నెలన్నర ఉత్తరం రాయనిది కోపంతోనే. మొదటి రెండు వారాలు మీ మీద కోపం, తర్వాత మీ మీద కోపం నిలవడం లేదని నా మీద కోపం. ఈలోగా కాన్ఫరెన్స్ వాళ్ళ సమావేశం జరిగింది. ప్రెసిడెంట్ నన్ను వెంట తీసుకెళ్ళాడు, తిట్లు పడితే పంచుకోవడానికి కాబోలు.

మా పేరు రాగానే ఎప్పటి మాటే వినిపించింది. దూరం, ఎవరొస్తారు, ఎవరు చూస్తారు అని ఒక్కొక్కరూ అంటున్నారు. అప్పుడు సుధ వాళ్ళ కోచ్ లేచింది. "నేను వెళ్ళొచ్చాను. మా సొంత హాల్లో కూడా మా అమ్మాయిల కోసం ఎవరూ అంతగా అరవలేదు. మేము వాళ్ళను ఓడిస్తే వాళ్ళు మాకు అన్నం పెట్టారు. దూరమైనా సరే, ప్రతి ఏడాదీ వెళ్తాను" అని కూర్చుంది. కమిటీ పెద్దాయన నవ్వుతూ, ఆ హాల్లో ఎవరు ఎవరి తరఫో తనకు ఇంతవరకూ అంతుపట్టలేదు గానీ, అంత ప్రాణం ఉన్న హాలును చాలా ఏళ్ళుగా చూడలేదన్నాడు. ఓటు పడింది. రెండేళ్ళు పరీక్షగా చూస్తారట, అయినా ప్రవేశం ప్రవేశమే. అమ్మాయిల టీమ్ నిలిచింది.

కెప్టెన్‌కు చెప్పడానికి వెళ్తే నాకంటే ముందే తెలిసిపోయింది. "ఆ రోజు మీకు బాధ కలగలేదా?" అని అడిగాను. "ఓడితే బాధే ప్రొఫెసర్. కానీ ఖాళీ హాల్లో గెలిచిన రోజు ఇంకా ఎక్కువ బాధగా ఉండేది" అంది.

ఊరి పత్రిక ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. ఫొటో కింది వాక్యం చూడండి. మొన్న వీసా కౌంటరని రాసినవాళ్ళే, కుర్చీలెక్కి ఆడుతున్న మన పిల్లల ఫొటో కింద "మన ఎల్మ్ రివర్ అభిమానులు" అని వేశారు. రేవంత్ దాన్ని బేస్‌మెంట్ గోడకు అంటించుకున్నాడు. స్వీటీ భీమవరంలో వాళ్ళ అమ్మకు పంపి, దాని అర్థం తెలుగులో రాసిందట.

నిన్న సుధ నాకు ఫోన్ చేసింది. "తాతయ్యా, దే న్యూ మై నేమ్" అంది. ఎలా తెలిసిందో నేను చెప్పలేదు. అది మీరే చెప్పుకోండి.

నవంబర్లో వాళ్ళ టీమ్ మళ్ళీ ఇక్కడికి వస్తోంది, ఈసారి పాయింట్ల కోసం. అప్పటికి మీ మోకాలు ప్రయాణానికి పనికొస్తుంది, నేను డాక్టర్‌ను అడిగినా అదే అంటాడు. అక్కను తీసుకుని రండి. ముందు వరుసలో రెండు కుర్చీలు పెట్టిస్తాను. ఈ ఉత్తరంతో పాటు ఒక ఆకుపచ్చ చొక్కా పంపుతున్నాను, మీ కొలతే. అది వేసుకుని మీ మనవరాలి కోసం గొంతు చించుకుని అరవండి. మా ఊళ్ళో అదే ఆచారం.

మీ బావమరిది,
మధుసూదన్